టైలరమ్మ వేలి గీత

పొద్దున షాపు షట్టరు లేపడం ఆయన పని. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టి, అది వేడెక్కేలోగా వాకిలి ఊడ్చేవాడు. ఆమె లోపలికి వచ్చి లైటు వేసి, కోతబల్ల మీద బట్ట పరిచి, అరచేత్తో ముడతలు సాపు చేసి, మెడలో వేలాడే టేపుతో కొలిచి, కుడిచేతి చూపుడువేలితో గీత గీసేది. వేలు వెళ్ళినంత మేరా తెల్లగా, దారం పరిచినంత సన్నగా గీత పడేది. ఆ తర్వాత కత్తెర.

వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అంటారు. ఆమె కుట్టినదాన్ని ఇస్త్రీ చేసి మడత పెట్టేది ఆమె భర్త. షాపు ఇద్దరిదీ అయినా బోర్డు మీద కత్తెర బొమ్మే ఉంది, ఇస్త్రీపెట్టె బొమ్మ లేదు. ఆయనకి అదొక్కటే అలక.

ఆమెకి కిడ్నీలు రెండూ పని మానేసి, రోజు విడిచి రోజు డయాలిసిస్‌కి వెళ్ళడం మొదలైన కొత్తలో, ఒక కోటు బట్ట మధ్యలో సుద్దముక్క అరిగిపోయింది. గీత సగంలో ఆగింది. ఏదో ధ్యాసలో వేలు పెట్టి లాగింది. మిగతా సగం కూడా పడింది.

"సుద్ద కొనే పని తప్పింది" అంది.

"మంచిదే. ఆ కొట్టువాడు ఎప్పుడూ విరిగిన ముక్కలే అంటగడతాడు" అన్నాడాయన.

అంతటితో ఆ సంగతి అయిపోయింది. మామూలు సుద్ద గీతలా అది రాలేది కాదు. చెయ్యి తగిలితే చెరిగేది కాదు. ఇస్త్రీపెట్టె వేడి తగిలితే మాత్రం ఉన్నట్టుండి మాయమయ్యేది. దాని మీద కోసిన చొక్కా భుజం జారదనీ, ప్యాంటు కాలు మెలి తిరగదనీ పేరొచ్చింది. బట్ట ఇచ్చి వెళ్ళేవాళ్ళు గుమ్మం దాటుతూ, "వేలితోనే గియ్యండమ్మా" అని గుర్తుచేసి మరీ వెళ్ళేవారు. మాట్లాడటం పెద్దగా రాని మనిషి ఆమె. సరేనన్నట్టు తల ఊపేది. లోపల మాత్రం బాగానే పొంగిపోయేది.

డయాలిసిస్ గదిలో అందరికీ ఎవరి కుర్చీ వాళ్ళకుంది. ఆమెది కిటికీ పక్కది. ఎడమచేతి మణికట్టు పైన రెండు రక్తనాళాలు కలిపి కుట్టినచోట చెయ్యి పెడితే గుర్రుమంటుంది, మోటారు మిషను పెడలు మీద కాలు ఆనించినట్టు. నర్సు అక్కడే రెండు సూదులు గుచ్చి గొట్టాలు తగిలించేది. రక్తం బయటికి వెళ్ళి, కడుక్కుని, మళ్ళీ లోపలికి వచ్చేది. ఆ నాలుగు గంటలూ ఆమె కుడిచేత్తో కాజాలు కుట్టుకునేది.

పక్క కుర్చీలో పెద్దాయన ఒక వారం కనబడలేదు. వచ్చినప్పుడు ఛాతీకి పట్టీ వేసి ఉంది.

"పడ్డారా బాబాయిగారూ?" అని అడిగింది.

"పడలేదమ్మా. తుమ్మాను. పక్కటెముక విరిగింది."

"తుమ్మితేనా?"

"తుమ్మితేనే. జలుబు చేసినందుకు కట్టు కట్టించుకున్నవాణ్ణి ఈ ఊళ్ళో నేనొక్కణ్ణే అయ్యుంటాను." నవ్వబోయి పట్టీ పట్టుకున్నాడు. "నవ్వించకమ్మా. ఉన్నవి ఇంకొన్నే."

అప్పుడామెకి తన నడుం నొప్పి గుర్తొచ్చింది. మిషను మీద వంగి కూర్చోవడం వల్ల అనుకునేది. మోకాళ్ళ నొప్పి మెట్లెక్కడం వల్ల అనుకునేది. ఒళ్ళంతా దురద ఉన్నిబట్ట వల్ల అనుకునేది. ప్రతి బాధకీ బట్టల్లోనే ఒక కారణం దొరికేది.

ఆమెకి ఒక చెల్లెలు ఉంది, సిటీ బస్సులో కండక్టరు. అక్క ఎంత నెమ్మదో చెల్లెలు అంత గట్టి నోరు. తన కిడ్నీ ఒకటి అక్కకి ఇస్తానని ఆమే అంది. అడిగించుకోలేదు, బతిమాలించుకోలేదు. ఒకరోజు డ్యూటీ దిగి యూనిఫాంతోనే షాపుకొచ్చి, "రేపు నా రక్తం ఇచ్చొస్తున్నా, కలుస్తుందో లేదో చూడమని" అని చెప్పి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది. రక్తం కలిసింది. అన్ని పరీక్షలూ కలిశాయి. ఇక ఆపరేషను తేదీ ఒక్కటే మిగిలిందనుకున్నారు.

తేదీ చెప్పడానికి ముందు కోత డాక్టరు ఆమె పొత్తికడుపు ఎక్స్‌రే ఫిల్ము తీయించాడు. ఆయన జుట్టు నెరిసిన మనిషి, నిదానంగా మాట్లాడతాడు. ఫిల్మును వెలుగుపెట్టెకి తగిలించి అక్కచెల్లెళ్ళిద్దరినీ దగ్గరికి పిలిచాడు.

"కొత్త కిడ్నీని పాతవాటి చోట పెట్టం. పొత్తికడుపులో ఓ పక్కన పెట్టి, కాలికి రక్తం తీసుకెళ్ళే ఈ పెద్ద నాళానికి కుడతాం. ఇది చూడండి. ఎంత తెల్లగా ఉందో."

"ఎముకలా ఉంది" అంది చెల్లెలు.

"ఎముకయితే ఇలా ఉండాలి. ఇది నాళం. గోడంతా సున్నం పట్టింది."

టైలరమ్మ తన చూపుడువేలి వంక చూసుకుంది. డాక్టరు కూడా చూశాడు.

"వేలిలోంచి పోయేదాంతో నాకు గొడవ లేదు" అన్నాడు. "బట్ట మీదికి పోయింది పోనీ. లోపల పేరుకున్నదాంతోనే గొడవ. గట్టిపడ్డచోట సూది దిగదు. బలవంతంగా దింపితే పగులుతుంది."

ఇంకెవరికైనా అయితే విడమరిచి చెప్పాల్సొచ్చేది. ఆమెకి అక్కర్లేకపోయింది. కాలరు లోపల పెట్టే గట్టిగుడ్డ రెండు పొరలు పడితే సూది టప్పున విరిగి ముఖం మీదికి ఎగరడం ఆమెకి తెలుసు.

"మెత్తగా ఎక్కడా లేదా?" అని అడిగింది.

డాక్టరు పెన్నుతో ఎడమపక్క ఒక చోటు చూపించాడు. తెలుపు మధ్యలో చిన్న బూడిదరంగు సందు. "ఇక్కడుంది. మీ బొటనవేలు వెడల్పుంటుంది. నాకు అది చాలు. కానీ మీ రక్తంలో భాస్వరం ఇంత పైకి ఉండగా కుడితే కొత్తదానికీ ఇదే గతి పడుతుంది. ముందు అది దింపుకోండి. వానలు మొదలయ్యాక మళ్ళీ ఫిల్ము తీద్దాం. అప్పటికి ఈ సందు ఇలాగే ఉంటే పెడతాను. మూసుకుపోతే పెట్టలేను. ఉన్నమాట చెబుతున్నాను."

"పట్టిన సున్నాన్ని వదిలించలేరా?" అంది చెల్లెలు.

"పట్టింది వదలదమ్మా. ఇంక పట్టకుండా చూసుకోవాలి. అంతే."

అక్కడినుంచి మాత్రల డాక్టరమ్మ గదికి వెళ్ళారు. డయాలిసిస్ చూసుకునేది ఈమే. రక్తపరీక్ష కాగితం చూసి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుంది.

"కిడ్నీలు పోయాక తిండిలోని భాస్వరం బయటికి వెళ్ళే దారి లేదు. మిషను కొంతే తీస్తుంది. ఒంట్లో అది పెరిగితే ఎముకలు సున్నాన్ని వదిలేస్తాయి. ఎముక డొల్లవుతుంది, నాళం రాయవుతుంది. అందుకే ఆ తెల్లమాత్రలిచ్చాను. అవి కడుపులోనే తిండిని పట్టుకుని, అందులో భాస్వరాన్ని బయటికి తీసుకుపోతాయి. మీరు భోజనంతోపాటు వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నానండీ."

"మర్చిపోవడం లేదు కదా?"

"ఒక్క భోజనానికి కూడా తప్పలేదండీ."

డాక్టరమ్మ కాగితాన్ని ఇటూ అటూ తిప్పింది. "మరి ఇంత ఎలా ఉంది?"



ఆస్పత్రి మెట్లు దిగుతుండగా చెల్లెలు అడిగేసింది. "అక్కా, నిజం చెప్పు. మాత్రలు పారేస్తున్నావా?"

"వేసుకుంటున్నానని చెప్పాను కదే."

"రోజుకి ఎంతమంది పాసుందని చెప్పి దిగిపోతారో నాకు తెలీదా? మొహం చూసి చెప్పేస్తాను."

"అయితే నా మొహం చూసి చెప్పు."

చెల్లెలు చూసింది. అక్క కళ్ళలో నీళ్ళు తప్ప అబద్ధమేమీ కనబడలేదు. అదే ఆమెకి అర్థం కాలేదు. నిజం చెప్పేవాళ్ళ కాగితంలో అబద్ధం ఎలా వచ్చింది? బస్సు వచ్చేదాకా ఇద్దరూ చెరో వైపు చూస్తూ నిలబడ్డారు.

సెలవురోజు చెల్లెలు పొద్దున్నే షాపుకొచ్చి, గుండీల అలమర పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

"ఏంటిది, చెకింగా?" అన్నాడు బావ.

"అవును బావా. టికెట్ లేనివాణ్ణి పట్టుకునేదాకా దిగను."

అక్క పని మొదలుపెట్టింది. టీ తాగింది, అందులో బిస్కెట్లు ముంచుకుని తింది. ఒక గౌను కోసింది. పదింటివేళ బేకరీ నుంచి బావ తెచ్చిన చీజు పలకల బన్ను అందుకుంది. ఎడమచేత్తో తింటూ కుడిచేత్తో మిషను చక్రం తిప్పింది. దాహమేసిందని నల్ల కూల్‌డ్రింకు సీసా నుంచి రెండు గుక్కలు తాగి మిషను కింద పెట్టుకుంది, మళ్ళీ తీసుకోవడానికి వీలుగా. మధ్యాహ్నం ఒక చిప్స్ పొట్లం. ఒక చొక్కాకీ ఇంకో చొక్కాకీ మధ్య డబ్బాలోంచి మసాలా పల్లీలు. సాయంత్రం ఇంకో బన్ను.

చెల్లెలు అక్క నోటివంక మాత్రమే చూడలేదు, బల్లవంక కూడా చూసింది. పొద్దున పడ్డ గీత వెంట్రుకలా ఉంది. బన్ను తర్వాత పడ్డది దారంలా ఉంది. సీసా ఖాళీ అయ్యాక పడ్డది నాడాలా ఉంది. అక్క కత్తెర ఆ లావు గీతలో ఏ అంచున వెళ్ళాలో తెలియక ఒక క్షణం ఆగింది.

"అక్కా, పొద్దున్నుంచీ నువ్వేం తిన్నావు?"

"ఏం తిన్నానే? ఇంకా భోజనమే చెయ్యలేదు."

చెల్లెలు బావ వైపు తిరిగింది. ఆయన ఇస్త్రీపెట్టె నిలబెట్టి, జాలిగా అన్నాడు. "పాపం, మీ అక్క తినేదే ఒక్కపూట. రాత్రి ఇంటికెళ్ళి నాలుగు ముద్దలు. అవీ సగం వదిలేస్తుంది."

"మాత్ర ఎప్పుడేసుకుంటావు?"

"చెప్పాను కదా, భోజనంతో. కంచం ముందు కూర్చోగానే రెండూ వేసుకుంటాను."

చెల్లెలు లేచి, మిషను కింద ఖాళీ సీసా, బన్ను కాగితాలు, చిప్స్ పొట్లం, పల్లీల డబ్బా తీసి ఒక్కొక్కటీ కోతబల్ల మీద వరసగా పెట్టింది.

"ఇదంతా ఎవరు తిన్నారు? మిషనా?"

"అది భోజనమా? పనిలో పడి నోట్లో వేసుకున్నది కూడా లెక్కేనా?"

చెల్లెలికి కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. స్టూలు మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ ఇంట్లో చిన్నప్పటినుంచీ అంతే. కాళ్ళు ముడుచుకుని కంచం ముందు కూర్చుంటేనే భోజనం. నిలబడి తిన్నది, నడుస్తూ తిన్నది, పని చేసుకుంటూ తిన్నది తిండి కిందికే రాదు. వాళ్ళమ్మ పొయ్యి దగ్గర నిలబడి సగం గిన్నె రుచి చూసి, "నేనింకా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు" అనేది. అబద్ధమని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు, ఆవిడతో సహా.

"నీ బస్సులో రోజంతా జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు" అంది చెల్లెలు, నవ్వు ఆపుకుని. "నువ్వేమో ఆఖరి ట్రిప్పుకి, డిపోలోకి వెళ్ళేటప్పుడు కండక్టర్ని ఎక్కిస్తున్నావు. ఖాళీ సీట్లకి టికెట్లు కొడుతున్నాడు పాపం."

టైలరమ్మ బల్ల మీద కాగితాలవంక చాలాసేపు చూసింది. తర్వాత ఆ నాడాలాంటి గీత మీద వేలు పెట్టి తడిమింది.

"ఇది నా నడుం ఎముక అన్నమాట" అంది మెల్లగా.

మర్నాడు ఇద్దరూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. చెల్లెలు మొత్తం చెప్పింది, బన్నుతో సహా. డాక్టరమ్మ బల్ల మీద రెండు మోచేతులూ ఆనించి విన్నది.

"నేను భోజనం అని అడిగాను, మీరు భోజనానికే జవాబు చెప్పారు. మన మధ్యలో ఆ మాట కూర్చుని ఇంత పని చేసింది. ఇకనుంచి ఇలా అడుగుతాను. నోట్లో ఏమైనా పడిందా? పడితే, మొదటి ముద్దతోనే మాత్ర. తిన్నాక కాదు, తినకముందు ఎప్పుడో కాదు."

పాత మాత్రలో సున్నం కూడా ఉంటుందనీ, నాళాలు ఇలా ఉన్నప్పుడు అదెందుకనీ, సున్నం లేని రకం రాసిచ్చింది. ఎముకల కోసం ఇంకో మందు డయాలిసిస్ చివర్లో ఇస్తామంది. నల్ల కూల్‌డ్రింకు, చీజు పలకలు, పొట్లాల్లో వచ్చేవి చాలావరకు మానెయ్యాలంది. "వాటిల్లో పాడవకుండా కలిపే భాస్వరం తిన్నది తిన్నట్టు రక్తంలోకి పోతుంది. మాత్ర కూడా దాన్ని తరుముతూ అలిసిపోతుంది."

"పల్లీలు?" అంది టైలరమ్మ.

"పల్లీలు కూడా."

ఆమెకి అన్నిటికంటే అదే బాధయింది.

షాపులో పద్ధతి మారింది. మాత్రల డబ్బా గుండీల అలమరలోకి వచ్చింది. తినాలంటే మిషను ఆపి, చెయ్యి కడుక్కుని, స్టూలు మీద కూర్చుని, ముందు మాత్ర చేతిలో పెట్టుకుని తినేది. ఇంట్లో వండింది ఆయన డబ్బాలో తెచ్చేవాడు. తిండికి ఇంత మర్యాద చెయ్యడం ఆమెకి కొత్త. మర్యాద చేసేకొద్దీ తిండి తగ్గింది. ఒళ్ళు దురద నెమ్మదించింది. మెట్లెక్కేటప్పుడు మోకాలు మీద చెయ్యి వేసుకోవడం మానేసినట్టు తనకి తెలియనే లేదు, ఆయన చెబితే తెలిసింది.

వేలి గీత కూడా తగ్గింది. నాడా దారమైంది, దారం వెంట్రుకైంది. తెల్లబట్ట మీద ఎలాగూ కనబడదు. లేతరంగుల మీద కూడా కనబడటం మానేసింది. చొక్కా బట్ట ఇవ్వడానికి వచ్చినవాళ్ళు, "ఏంటమ్మా, వేలు బాలేదా?" అని పలకరించేవారు. జలుబు చేసిందా అన్నట్టు.

అలాంటప్పుడు బ్యాండు మేస్త్రి వచ్చాడు. తన వాళ్ళందరికీ నల్ల కోట్లు కావాలన్నాడు. భుజం మీద వెండిరంగు పట్టీలు. "మా వాళ్ళు బాకా ఊదేటప్పుడు భుజాలు పైకి లేస్తాయి. ఎవరు కుట్టినా చంక దగ్గర పిగులుతోంది. మీ వేలిగీత మీద కోసిన కోటు పిగలదని చెప్పారు. అందుకే ఇంత దూరం వచ్చాను."

మంచి నల్లగుడ్డ. చెయ్యి వేస్తే పిల్లి వీపులా ఉంది. మేస్త్రి వెళ్ళాక దాన్ని బల్ల మీద పరిచి, కొలిచి, వేలు పెట్టి లాగింది. ఏమీ పడలేదు. గట్టిగా అదిమి లాగింది. మంచుపట్టిన అద్దం మీద గీసినట్టు మసగ్గా ఒక జాడ వచ్చి, చూస్తుండగానే పోయింది.

ఆయన చూశాడు. ఏమీ అనకుండా బయటికి వెళ్ళి వచ్చాడు. వస్తూ నల్ల సీసా ఒకటి తెచ్చి బల్ల చివర పెట్టాడు. చల్లగా ఉంది. చెమట పట్టి ఉంది.

"ఇదెందుకండీ?"

"ఒక్కటేగా. రేపెలాగూ డయాలిసిస్ ఉంది, కడిగేస్తారు. గీత పడుతుంది కదా." ఆయన ఆమె ముఖంలోకి చూడకుండా ఇస్త్రీపెట్టె తీగ చుట్టుకుంటూ అన్నాడు. "ఇంత మంచి పని వచ్చింది. నువ్వు గీత పడక దిగులుగా ఉన్నావు. చూడలేకపోతున్నాను."

ఆమె సీసా చేతిలోకి తీసుకుంది. మూత మీద బొటనవేలు పెట్టింది. దాహంగానే ఉంది. గీత కోసం కూడా దాహంగానే ఉంది. పనిమంతురాలని నలుగురూ అంటున్నది ఈ వేలిని చూసే. ఈ వేలు లేకపోతే తను వీధిలో పదిమంది టైలర్లలో ఒక టైలరు. సీసా అద్దంలోంచి చూస్తే బల్ల మీద గుడ్డ ఇంకా నల్లగా కనబడింది. ఆ నలుపు మధ్యలో ఆమెకి డాక్టరు పెన్నుతో చూపించిన సందు గుర్తొచ్చింది, బొటనవేలు వెడల్పు. మూత మీద ఉన్న వేలు అంతే ఉంది.

"ఏమండీ, ఆ గీత ఎక్కడినుంచి వస్తోందనుకున్నారు? నేనేమన్నా సుద్ద గనినా?"

ఆయన తీగ చుట్టడం ఆపేశాడు.

"మీరు తాగండి. మీకేం కాదు. నాకా సూదీ దారం అందుకోండి."

ఆ నల్లగుడ్డ మీద తెల్లదారంతో దూరం దూరంగా టాకాలు వేసుకుంటూ పోయింది. తను పని నేర్చుకున్న కొత్తలో అలాగే చేసేది. వేలితో చిటికెలో అయ్యే పని పొద్దుగూకేదాకా పట్టింది. కళ్ళు నొప్పి పుట్టాయి. టాకా వెంట కత్తెర మాత్రం ఎక్కడా ఆగకుండా సాగింది. ఆ కొలత వేలిది కాదనీ, తనదేననీ కత్తెర మొదటి కోతలోనే చెప్పింది. కోట్లు ఆలస్యమవుతాయని మేస్త్రికి తనే కబురు పెట్టింది. అవి పూర్తయ్యాక అతను వచ్చి, ఒకటి తొడుక్కుని, బాకా లేకుండానే బుగ్గలు ఉబ్బించి భుజాలు ఎగరేసి చూసుకున్నాడు. పిగల్లేదు.

వానలు మొదలయ్యాక ఫిల్ము మళ్ళీ తీశారు. కోత డాక్టరు పాతదీ కొత్తదీ పక్కపక్కన తగిలించి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని చూశాడు.

"భాస్వరం దిగింది. సందు మూసుకోలేదు" అన్నాడు. "కాస్త ఇరుకైంది. మీరు జాగ్రత్తపడకముందు పట్టింది అయ్యుంటుంది. ఫిల్ములో ఒకలా ఉంటుంది, తెరిచాక ఒకలా ఉంటుంది. లోపల చోటు దొరక్కపోతే ఏమీ పెట్టకుండా మూసేస్తాను. అది కూడా తెలిసి ఒప్పుకోండి."

"అప్పుడు నా కిడ్నీ?" అంది చెల్లెలు.

"మీది తియ్యకముందే ఈవిడ పొట్ట తెరిచి చూస్తాను. చోటుంటేనే మిమ్మల్ని కోస్తాం."

"అదీ న్యాయం. సీటు ఖాళీ ఉందో లేదో చూశాకే ఎక్కించుకోవాలి."

ఆపరేషను రోజు ఇద్దరినీ పక్కపక్క స్ట్రెచర్ల మీద తీసుకెళ్ళారు. ఇద్దరికీ ఒకే రకం ఆకుపచ్చ గౌను. అక్క చెల్లెలి గౌను భుజం కుట్టు చూసి, "ఎవరు కుట్టారో గానీ లాగేసి కుట్టారు" అంది.

"నువ్వు బాగుపడి వచ్చి విప్పి కుడుదువుగాని. నన్నిప్పుడు నవ్వించకు, భయంగా ఉంది" అంది చెల్లెలు. జీవితంలో ఆమె భయం అనే మాట అనడం అక్క అంతవరకూ వినలేదు. చెయ్యి చాపి చెల్లెలి వేళ్ళు పట్టుకుంది. తలుపు దగ్గర స్ట్రెచర్లు విడిపోయేదాకా పట్టుకునే ఉంది.

లోపల జరిగింది అక్కడున్న నర్సు చెబితే తర్వాత అందరికీ తెలిసింది.

కోత డాక్టరు పొత్తికడుపు తెరిచి, నాళం మీద వేలు పెట్టి తడుముకుంటూ వెళ్ళాడు. గట్టిగా ఉంది. ఇంకాస్త ముందుకి. గుడ్డు పెంకులా ఉంది. ఫిల్ములో సందు కనబడ్డచోటికి వచ్చాడు. అక్కడా వేలికి కరుకుగానే తగిలింది. పైకి వెళ్ళాడు, కిందికి వచ్చాడు. పక్కగదిలో చెల్లెలికి మత్తు ఇచ్చే డాక్టరు తలుపు సందులోంచి తొంగిచూసి, ఇవ్వమంటారా వద్దా అన్నట్టు కనుబొమలెగరేశాడు. ఆగమని ఈయన చెయ్యెత్తాడు.

ఎత్తిన చెయ్యి అలాగే ఉండగా నాళం కాస్త పక్కకి ఒరిగింది. దాని అడుగు వంపులో, ఫిల్ములో ఎముక నీడ పడి కనబడని చోట, తెల్లగా ఒక గీత ఉంది. దారం పరిచినంత సన్నంగా, వంకర లేకుండా. ఇక్కడ మొదలు, ఇక్కడ ఆపు అన్నట్టు రెండు చివర్లా చిన్న అడ్డగీతలు.

డాక్టరు ఆ గీతకి అటూ ఇటూ వేలు ఆనించాడు. తడిసిన నూలుబట్టలా మెత్తగా లోపలికి వెళ్ళింది.

"టైలరమ్మ మార్కు పెట్టింది" అంది నర్సు.

"పెట్టింది" అన్నాడు డాక్టరు. తలుపు వైపు తిరిగి, "చెల్లెలికి మత్తు ఇవ్వండి" అన్నాడు.

చెల్లెలి కిడ్నీ వచ్చాక ఆ గీత మీదే కోశాడు. గీత మొదలైనచోట మొదలుపెట్టి, ఆగినచోట ఆపాడు. సూది ఎక్కడా తడబడలేదు. బిగించిన పట్టకారు వదలగానే బూడిదరంగులో ఉన్న కిడ్నీ ఒకవైపు నుంచి గులాబీరంగు తిరిగింది. కాసేపటికి దాని గొట్టం చివర ఒక చుక్క నిలిచింది, రాలింది, ఇంకోటి నిలిచింది. ఎన్నో ఏళ్ళుగా ఆమె ఒంట్లో తయారుకాని చుక్క అది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కుట్లు వేసే పని ఇంకా ఉంది.

ఆమెకి పూర్తిగా తెలివొచ్చాక డాక్టరు మంచం పక్కకి వచ్చాడు.

"చోటు దొరికిందాండీ?" అని అడిగింది.

"మీరే చూపించారు కదా. గీత దాటలేదు నేను."

ఆమె కాసేపు ఆలోచించింది. "కుట్టుకి ఎంత వదిలారు?"

ఆయన బొటనవేలి గోరు మీద ఇంకో గోరు పెట్టి చూపించాడు. ఆమె తల ఊపింది. తనైనా అంతే వదిలేది.

పక్కవార్డు నుంచి చెల్లెలు, పొట్ట మీద చెయ్యి ఆనించుకుని, ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. "నాది ఎలా పనిచేస్తోంది?" అంది. పక్కనే ఉన్న బావ మంచం కింద మూత్రం సంచీ వైపు చూపించాడు. పొద్దున్నుంచీ ఆయన కళ్ళు దాని మీదే ఉన్నాయి. ఇప్పటికే ఒకసారి నిండితే పారబోసి వచ్చారని, మళ్ళీ నిండుతోందని, షాపుకి కొత్త బట్ట వచ్చినట్టు గొప్పగా చెప్పాడు.

నర్సు నీళ్ళు తెచ్చింది. టైలరమ్మ గ్లాసు అందుకుని అలవాటుగా అంచుదాకా ఉన్న నీళ్ళవంక చూసింది. డయాలిసిస్ మొదలైనప్పటినుంచీ రోజు మొత్తానికి ఇంతే అని కొలుచుకుని, నాలుక తడుపుకుని పక్కన పెట్టేది.

"ఎంత తాగమంటారు?" అంది.

"దాహం ఎంతుంటే అంత."

ఆమె తాగింది. ఆగకుండా, గొంతు కదులుతుంటే వాళ్ళిద్దరూ చూస్తుండగా, అడుగుదాకా తాగింది. ఖాళీ గ్లాసు మీద ఆమె వేళ్ళ ముద్రలు పడ్డాయి, సుద్దవి కావు, తడివి, అందరివీ పడేలాంటివే. నర్సు గ్లాసు మళ్ళీ నింపి, జగ్గు అక్కడే వదిలేసి వెళ్ళింది.